పెరటి కొలను ఫిల్టరుకు నీటి వేగం ఎంత ఉండాలి?

ప్రశ్న: మా పెరటి కొలను పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, లోతు 1 మీటరు. అందులో జానెడేసి కోయి చేపలు పది ఉన్నాయి. గంటకు 6,000 లీటర్లు తోడుతుందని రాసి ఉన్న పంపును ఫిల్టరుకు బిగించాం. అయినా నీరు పచ్చగానే ఉంటోంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నీరు నెమ్మదిగా పారితేనే ఫిల్టరులోని బ్యాక్టీరియా బాగా పనిచేస్తుందని ఒకరు చెబితే వాల్వును సగం మూశాం. మేం చేసింది సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. ముందు వాల్వును పూర్తిగా తెరవండి. నీటిని పచ్చగా మార్చే నాచు పగలు ఆక్సిజన్‌ను విడుదల చేసినా, రాత్రి మాత్రం చేపలతో పోటీపడి దాన్ని వాడుకుంటుంది కాబట్టి, తెల్లవారేసరికి కొలనులో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. మీ చేపలు పైకి తేలడానికి కారణం చాలావరకు ఇదే. ఫిల్టరు నుంచి తిరిగి వచ్చే నీరు కాస్త ఎత్తు నుంచి చప్పుడు చేస్తూ పడేలా గొట్టాన్ని అమర్చితే ఆ రాత్రి నుంచే వాటికి ఊరట కలుగుతుంది.

మీరు విన్న మాట చాలామంది నమ్మేదే గాని, చేపల విసర్జనల నుంచి పుట్టే విషం, అంటే ఆ బ్యాక్టీరియా పోగొట్టాల్సిన అమ్మోనియా విషయంలో అది తప్పుదారి పట్టిస్తుంది. గంటకు 1,000 లీటర్లు మాత్రమే ఫిల్టరులోకి వెళ్తే, అందులోని అమ్మోనియా అంతా పోయిందనుకున్నా శుభ్రపడేది ఆ 1,000 లీటర్లే. అదే 4,000 లీటర్లు వెళ్లి, ఒక్కో విడతలో నూటికి 40 వంతులే పోయినా, 1,600 లీటర్లు శుభ్రపడినంత ఫలితం ఉంటుంది. పైగా ఆ బ్యాక్టీరియాకు కూడా ఆక్సిజన్ అందించేది పారే నీరే. అందుకే పంపును రాత్రిపూట కూడా ఆపకూడదు.

మీ కొలనులో సుమారు 6,000 లీటర్ల నీరు పడుతుంది. కోయి చేపలున్నప్పుడు ఆ నీరంతా గంట నుంచి రెండు గంటల లోపు ఒకసారి ఫిల్టరు గుండా వెళ్లాలి. అంటే గంటకు 3,000 నుంచి 6,000 లీటర్లు. పంపు మీద రాసిన అంకె నీటిని ఏమాత్రం ఎత్తుకు తోడనవసరం లేనప్పటిది. ఎత్తు, సన్నని గొట్టం, వంపులు అన్నీ కలిసి దాన్ని తగ్గించేస్తాయి. ఫిల్టరు నుంచి నీరు బయటికి వచ్చే చోట 20 లీటర్ల బకెట్ పట్టి, అది నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 72,000ను ఆ సెకన్లతో భాగించండి. 24 సెకన్లు పడితే గంటకు 3,000 లీటర్లు వస్తున్నట్టు. వాల్వు పూర్తిగా తెరిచినా అంతకంటే తక్కువే వస్తుంటే, పంపు జాలీని శుభ్రం చేసి, అప్పటికీ పెరగకపోతే ఇంకాస్త లావు గొట్టం వేయండి.

నెమ్మదితనం అవసరమైన చోట్లు రెండున్నాయి. మొదటిది ఫిల్టరులో స్పాంజికి ముందు మడ్డి దిగే గది. టార్చిలైటు వేసి చూస్తే చెత్త నలుసులు మెల్లగా కిందికి జారుతూ కనిపించాలి. సుడి తిరుగుతూ స్పాంజి వైపు కొట్టుకుపోతుంటే వేగం ఎక్కువైనట్టే. రెండోది, నీటి పచ్చదనాన్ని పోగొట్టడానికి యూవీ దీపం పెట్టుకుంటే అది. దాని మీద రాసిన హద్దును మించి నీరు పారితే నాచు కణాలు చావకుండానే దాటిపోతాయి. ఈ రెండు చోట్లా పంపును నొక్కిపెట్టకుండా, టీ జాయింటుతో నీటిని రెండు పాయలు చేసి, ఫిల్టరు తట్టుకోగలిగినంత అటు పంపి, మిగిలినదాన్ని నేరుగా కొలనులోకి ధారగా వదలడం మేలు. వాల్వు ఎప్పుడూ పంపు నుంచి నీరు బయటికి వచ్చే గొట్టం మీదే ఉండాలి. పీల్చుకునే వైపు బిగిస్తే పంపు పాడవుతుంది.

ఒక మాట అడగకపోయినా చెప్పాలి. బాగా ఎదిగిన కోయి చేప రెండడుగులు దాటవచ్చు. అప్పుడు ఈ నీటికి పది చేపలు మరీ ఎక్కువవుతాయి.

వారానికోసారి బకెట్‌తో కొలుస్తూ ఉండండి. 24 సెకన్లు కాస్తా 35 అయ్యాయంటే స్పాంజి పూడుకుపోయిందని అర్థం. దాన్ని కొలను నీళ్లతోనే పిండి కడగండి. కుళాయి నీటిలోని క్లోరిన్ తగిలితే అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది.