తిరుపతి ఎండల్లో పగ్‌ని పెంచగలమా?

మీ పాప పగ్ జాతి కుక్కపిల్ల కావాలని పట్టుబట్టిందని, మీది టాప్ ఫ్లోర్ ఇల్లని, ఏసీ ఒక్క గదిలోనే ఉందని రాశారు. అమ్మే అతను "గురక పెట్టడం ఈ జాతికి మామూలే" అన్నాడట. ముందు ఆ గురక గురించే చెప్పాలి, మిగతా కష్టాలు చాలావరకు అక్కణ్ణుంచే వస్తాయి.

పగ్‌కి మూతి పొట్టిగా రావాలని తరతరాలుగా అలాంటివాటినే జత కట్టిస్తూ వచ్చారు. ఎముక పొట్టిదైంది గానీ లోపలి మెత్తటి కండ ఆ మేరకు తగ్గలేదు. అంగిలి వెనక కండ గొంతుకు అడ్డం పడుతుంది, ముక్కు రంధ్రాలు మూసుకుపోయినట్టు ఉంటాయి, కొన్నిటికి గాలిగొట్టమే సన్నం. మనం గురక అనుకునేది ఆ ఇరుకులోంచి గాలి లాక్కునే శబ్దం. చాలా పగ్‌లు అలాగే చేస్తాయి కాబట్టి మామూలే అనేస్తారు, కానీ ఆ కుక్కకు మాత్రం అది ఇబ్బందే.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ, నోట్లో తడి ఆరడం వల్లే ఒంట్లో వేడి తగ్గించుకుంటుంది. పగ్‌కి ఆ దారే ఇరుకు. మే నెలలో మన ఊళ్లో 40 డిగ్రీలు దాటితే దాని పరిస్థితి ఊహించుకోండి.

మా పగ్ గుండుగాడికి ఒకసారి వేడి వల్ల అలాగే అయింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. వాడు వంటింటి గచ్చుకు పొట్ట ఆనించి పడుకున్నాడు. రొప్పు ఆగడం లేదు, చొంగ చిక్కగా కారుతోంది, నాలుక ఊదారంగుకు తిరుగుతోంది. ట్యాంకు నీళ్లు ఆ వేళకు కాలిపోతుంటాయి కాబట్టి బిందెలో నీళ్లు తెచ్చి పొట్ట మీద, తొడల సందుల్లో, పాదాల మీద పోస్తూ విసనకర్రతో విసిరాం. తడిగుడ్డ కప్పి అలాగే వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది, నీళ్లు పడాలి, గాలి తగలాలి. ఆ తర్వాతే ఆటోలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. అంత తడిపినా వాడికి 104 పైనే ఉంది. బతికాడు, అదే మాకు పదివేలు.

అప్పటినుంచి ఎండాకాలంలో వాకింగ్ తెల్లవారకముందే. సాయంత్రం తారురోడ్డు మీద అరచేతి వెనక వైపు ఆనించి చూసి, కాలకపోతేనే బయటికి తీస్తాం. మెడకు బెల్టు కట్టం, ఛాతీకి వేసే హార్నెస్సే.

తిండి దగ్గర గట్టిగా ఉండండి. పగ్ ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్టే మొహం పెడుతుంది. దీని బరువు ఆరు నుంచి ఎనిమిది కిలోల మధ్య ఉండాలి. లావెక్కితే ఊపిరి ఇంకా కష్టమవుతుంది. మన ఊళ్లో ఇంకో ప్రమాదం ఉంది. ఇంటికొచ్చిన చుట్టాలు ప్రేమ కొద్దీ లడ్డూ ముక్క పెడతారు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, దానివల్ల కుక్కల కిడ్నీలు దెబ్బతింటాయి. ప్రసాదం కదా అని మొహమాటపడకండి.

కళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి చిన్న గీత పడినా పుండవుతుంది. కన్ను సగం మూసి నీరు కారుస్తుంటే ఆ రోజే డాక్టరుకి చూపించండి. మొహం మడతలు తుడిచి, తడి లేకుండా ఆరనివ్వాలి.

ఇంత చెప్పినా, వీటి స్వభావానికి వంక పెట్టలేను. పిల్లలంటే ప్రాణం, ఒక్క నిమిషం మనిషిని వదలవు. అందుకే వీటిని ఒంటరిగా వదిలి ఆఫీసుకు వెళ్లే ఇళ్లంటే నాకు బాధ. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండకపోయినా, కరెంటు పోతే ఫ్యాన్ తిరగడానికి ఇన్వర్టర్ లేకపోయినా పగ్ వద్దనే అంటాను. మన వీధిలో పుట్టిన కుక్కపిల్లనే తెచ్చుకోండి. మూతి పొడుగు, మన ఎండలు అలవాటు, పాపతో ఆటకు ఏ లోటూ ఉండదు.

పగ్గే తీసుకోవాలనుకుంటే మాత్రం పిల్లను చూసి నిర్ణయించుకోకండి, ఊపిరి కష్టం చాలావాటిలో పెరిగే కొద్దీ బయటపడుతుంది. తల్లిని, వీలైతే తండ్రిని కూడా చూపించమనండి. ముక్కు రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయా చూడండి. తల్లిని కాసేపు నడిపించి పక్కన నిలబడి వినండి. ఆ కాస్త నడకకే గరగరమంటూ రొప్పితే, అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయండి.