సుంకాల మీద వ్యాసం రాసిన అమ్మాయికి

2025 నవంబర్ 22

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ఆకివీడు రొయ్యల చెరువుల మధ్య పెరిగిన పిల్లవి, ట్రంప్ సుంకాల మీద నువ్వు కాక ఎవరు రాయాలి? కోపంతో రాశావు, ఆ కోపం న్యాయమైనదే. కానీ మొదటి పేజీ అంతా ఆయన వయసు, చేతి మీద మచ్చ, మాట తడబాటు, పైగా ‘మతి చలించిన ముసలాయన’ అన్న తీర్పు. చెరువు మూడో పేజీకి గానీ రాలేదు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఒక్కటే. పదవికి తగిన మనిషా కాదా అన్నది ఆయన ఒంట్లో వెతకకు, ఆయన సంతకం పెట్టిన కాగితాల్లో వెతుకు. కావలసినంత దొరుకుతుంది.

ఏప్రిల్ 2 సంగతే తీసుకో. వైట్ హౌస్ రోజ్ గార్డెన్‌లో ఆయన ఒక పెద్ద అట్ట పట్టుకుని దేశాల పట్టిక చూపించారు. ఇండియా వరసలో రెండు అంకెలున్నాయి. అమెరికా సరుకు మీద మనం వేస్తున్నది 52 శాతమట, బదులుగా వాళ్ళు వేయబోయేది 26. నువ్వు 26 రాశావు గానీ ఆ 52 ఎక్కడిదని అడగలేదు. ఫోన్ తీసి లెక్క కట్టు. 2024లో అమెరికా మన దగ్గర కొన్న సరుకు విలువ దాదాపు 8,740 కోట్ల డాలర్లు. వాళ్ళ దగ్గర మనం కొన్నదానికంటే అది దాదాపు 4,570 కోట్ల డాలర్లు ఎక్కువ. ఈ తేడాను ఆ మొత్తంతో భాగిస్తే 52 శాతం వస్తుంది. అందులో సగం 26. అంటే అట్ట మీద మన సుంకమని చూపించింది నిజానికి వాళ్ళ వాణిజ్య లోటు. మన కస్టమ్స్ వాళ్ళు ఏ వస్తువు మీద ఎంత వేస్తున్నారన్నది ఆ లెక్కలోకే రాలేదు. వాళ్ళకు లోటు ఉన్న మిగతా దేశాలకూ ఇదే సూత్రం. మనుషులెవరూ ఉండని హర్డ్, మెక్‌డొనాల్డ్ దీవులు కూడా ఆనాటి జాబితాలో ఉన్నాయి. ఈ ఒక్క పేరా నీ మొదటి పేజీ మొత్తం కంటే గట్టిగా నిలబడుతుంది, ఎందుకంటే చదివేవాళ్ళు నిన్ను నమ్మాల్సిన పని లేదు, తమ చేత్తో తామే సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు మీ బాబాయి చెరువు దగ్గరికి రా. వ్యాసంలో ఆయనకు నాలుగు వాక్యాలే ఇచ్చావు. నాకు అక్కడే ఇంకా ఉండాలనిపించింది. వనామీ రొయ్య పంట కాలం మూడు నుంచి నాలుగు నెలలు కదా. ఏప్రిల్ చివర్లో సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదిలారని రాశావు. ఆ 26 శాతాన్ని ఏప్రిల్ 9న 90 రోజులు ఆపారు, అప్పటికి అమల్లో ఉన్నది అందరికీ వేసిన 10 శాతమే. ఆ ధైర్యంతోనే ఆయన లీజు కట్టి, మేత అప్పు తెచ్చి ఉంటారు. చెరువులో రొయ్య పెరుగుతోంది, నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతున్నాయి, కరెంటు బిల్లు పెరుగుతోంది. జులై 30న ఒక సోషల్ మీడియా పోస్టుతో ట్రంప్ 25 శాతం ప్రకటించారు. ఆగస్టు 6న, రష్యా చమురు కొంటున్నామని ఇంకో 25. ఆగస్టు 27 నుంచి మొత్తం 50. రొయ్య మీద ముందునుంచీ ఉన్నవి, మరీ చౌకగా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్, సబ్సిడీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కలుపుకుంటే దాదాపు 60. మనతో పోటీపడే ఈక్వడార్‌కు 15.

నీళ్ళలో ఉన్న సరుకును ధర వచ్చేదాకా ఆపుకోలేరు. రోజులు గడిచేకొద్దీ మేత ఖర్చు, వైరస్ భయం. పట్టుబడి చేయాల్సిందే, అంటే రొయ్య పట్టి అమ్మాల్సిందే. ఆ తెల్లవారుజామున గట్టు మీద ఏం జరిగిందో రాయి. ఏజెంటు తాలూకు మనిషి కిలో తూచి రొయ్యలు లెక్కపెట్టి కౌంటు ఎంత చెప్పాడు, వారం కిందట మాట్లాడుకున్న రేటెంత, గట్టు మీద చెప్పిన రేటెంత, బాబాయి ఏమన్నారు, ఏమీ అనకుండా ఊరుకున్నారా? ఏప్రిల్ నుంచి ఆగస్టు లోపు 26, 10, 25, 50 అని నాలుగు రకాలుగా మారిన నిర్ణయం కింద ఏ రైతూ లెక్క వేసుకోలేడు. ట్రంప్ పాలన గురించి నువ్వు చెప్పాల్సిన గట్టి మాట ఇదే, దానికి సాక్ష్యం మీ ఇంట్లోనే ఉంది.

‘మన రైతులు అమెరికాకు సుంకం కడుతున్నారు’ అని రాశావు. ఇది సరిచెయ్యి. చట్టప్రకారం సుంకం కట్టేది అమెరికా రేవులో సరుకు దించుకునే దిగుమతిదారు, కట్టేది వాళ్ళ ప్రభుత్వానికే. ఆ భారం తర్వాత ఎటు జరుగుతుందన్నదే అసలు కథ. దిగుమతిదారు ధర తగ్గించమంటాడు, ఎగుమతిదారు ఏజెంటు రేటు కోస్తాడు, ఏజెంటు గట్టు మీద కోస్తాడు. కొంత అటువైపు కొనుక్కునేవాళ్ళ మీద పడుతుంది. రొయ్యల వ్యాపారంలో ఇంకో మెలిక ఉంది. సుంకాలన్నీ మేమే కట్టుకుని మీ గోదాము దగ్గర దించుతాం అనే ఒప్పందం మీద మన ఎగుమతిదారులు చాలా సరుకు పంపుతారు. అలాంటప్పుడు ఓడ సముద్రంలో ఉండగా సుంకం పెరిగితే ఆ దెబ్బ నేరుగా ఎగుమతిదారుకే. భీమవరంలో ఇలాంటి ఒప్పందం చేసుకున్నవాళ్ళను కలిసి అడుగు. ఈ మెలిక వివరించిన తెలుగు వ్యాసం నా కంటపడలేదు. నువ్వే రాయి.

‘ఆక్వా సర్వనాశనం’ అన్న మాట కూడా తీసెయ్యి. 2024–25లో మన దేశం నుంచి గడ్డకట్టించిన రొయ్య 7.4 లక్షల టన్నులు వెళితే అందులో 3.1 లక్షల టన్నులు అమెరికాకే వెళ్ళింది. అందులోనూ పెద్ద వాటా ఆంధ్రాది. కాబట్టి దెబ్బ పెద్దదే. కానీ ఆగస్టు తర్వాత కొంత సరుకు చైనా, వియత్నాం, యూరప్ వైపు మళ్ళింది, యూరోపియన్ యూనియన్ సెప్టెంబర్‌లో మన ప్రాసెసింగ్ ప్లాంట్లు మరో 102కి అనుమతి ఇచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తే బాధ తగ్గిపోదమ్మా. ఈ నెల 14న అమెరికా గొడ్డు మాంసం, కాఫీ, అరటి, టమాటా లాంటి వాటిని ఈ సుంకాల నుంచి తప్పించింది. వాళ్ళ కిరాణా బిల్లులు పెరిగి జనం సణుగుతుంటే తప్పించక తప్పలేదు. మన కాఫీ, టీ, మసాలాలకు దానితో ఊరట వచ్చింది, రొయ్యకు రాలేదు. ఇది నీ వ్యాసంలో లేదు.

ఇక మతి సంగతి. 1964లో బారీ గోల్డ్‌వాటర్ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ఫ్యాక్ట్ అనే పత్రిక 12,356 మంది మానసిక వైద్యులకు ఉత్తరాలు పంపి, ఈయన పదవికి తగునా అని అడిగింది. 2,417 మంది జవాబిచ్చారు, వాళ్ళలో 1,189 మంది తగడన్నారు. ఆయన్ని పరీక్షించకుండానే ఆ మాట అన్నారు. గోల్డ్‌వాటర్ పరువునష్టం దావా వేసి గెలిచారు. 1973లో అమెరికా మానసిక వైద్యుల సంఘం, స్వయంగా పరీక్షించని మనిషి మీద రోగనిర్ధారణ చెప్పకూడదని నియమం పెట్టుకుంది. డాక్టర్లకే లేని హక్కు మనకు లేదు. మొన్న జులై 17న వైట్ హౌస్ ట్రంప్‌కు కాళ్ళ సిరల జబ్బు ఉందనీ, చేతి మచ్చలు కరచాలనాల వల్ల, ఆస్పిరిన్ వల్ల వచ్చాయనీ చెప్పింది. వాళ్ళు అలా చెప్పారని రాయొచ్చు. అంతకుమించి ఊహించకు. ఆగస్టు నెలాఖరులో ఆయన చనిపోయారని ఇంటర్నెట్ నిండా పుకారు తిరిగింది. నాలుగు రోజులకే ఆయన టీవీలో మాట్లాడుతూ కనిపించారు. పుకారు నమ్మినవాళ్ళ మిగతా విమర్శ కూడా దానితోపాటు చులకనైంది.

అలాగని అడగకూడదని కాదు. 1919 అక్టోబర్‌లో అప్పటి అధ్యక్షుడు ఉడ్రో విల్సన్‌కు పక్షవాతం వస్తే భార్య, డాక్టరు ఆ సంగతి దేశం నుంచి నెలల తరబడి దాచారు. అధ్యక్షుడు పని చేయలేని స్థితిలో ఉంటే ఏం చేయాలో చెప్పే 25వ సవరణ 1967లో గానీ రాలేదు. తప్పుకోవడానికి ఒప్పుకోని అధ్యక్షుణ్ణి తప్పించే దాని నాలుగో సెక్షన్‌ను ఇంతవరకు ఒక్కసారీ వాడలేదు. నిరుడు జూన్ 27 డిబేట్‌లో బైడెన్ తడబాటు జనం కళ్ళారా చూశారు, నెల తిరక్కుండానే ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు. వైద్య నివేదికలు పూర్తిగా బయటపెట్టమని అడగడం పౌరుల హక్కు. బైడెన్‌ను ఏ కొలతతో కొలిచారో ట్రంప్‌నూ అదే కొలతతో కొలవాలని రాయి, ఒప్పుకుంటాను.

కానీ తగినతనం కనిపించేది నిర్ణయాల్లో. ఆగస్టు 1న ఉద్యోగాల లెక్కలు బాగా లేవని వస్తే, ఆ లెక్కలు తీసే సంస్థ అధిపతినే ఆ రోజే పదవి నుంచి తీసేశారు. బ్రెజిల్‌తో వ్యాపారంలో అమెరికాదే పైచేయి, లోటు లేదు. అయినా అక్కడి మాజీ అధ్యక్షుడు బోల్సొనారో మీద విచారణ జరుపుతున్నారని జులై 9న ఆ దేశం మీద 50 శాతం ప్రకటించారు. అక్టోబర్‌లో కెనడాలోని ఒంటారియో ప్రభుత్వం, సుంకాలను విమర్శిస్తూ అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ 1987లో చేసిన రేడియో ప్రసంగంతో టీవీ ప్రకటన వేస్తే, కోపం వచ్చి కెనడాతో చర్చలు ఆపేశారు, ఇంకో 10 శాతం వేస్తానన్నారు. ఒక టీవీ ప్రకటన మీద కోపంతో పొరుగు దేశపు సుంకం మారే పరిస్థితిని తేదీతో సహా పెట్టు. ఏ విశేషణమూ అక్కర్లేదు. ఇందులోనే నీకు ఇంకో జాగ్రత్త ఉంది. ఆ ప్రకటనలో మాటలు రీగన్‌వే, కానీ వాక్యాల వరస మార్చి అతికించారు. ఆ ప్రసంగం జపాన్ సరుకు మీద తను వేసిన సుంకాలకు కారణం చెప్పుకోవడానికి చేసింది. నువ్వు ఎవరి మాటలు వాడుకున్నా మొత్తం ప్రసంగం చదివాకే వాడు.

‘అమెరికావాళ్ళకు బుద్ధి లేదు’ అన్న వాక్యం నాకు బాధ కలిగించింది. ఆగస్టులో ప్యూ అనే పరిశోధన సంస్థ సర్వే చేస్తే అక్కడ పదిమందిలో ఆరుగురు ఈ సుంకాలు నచ్చలేదన్నారు. సెప్టెంబర్‌లో చైనా అమెరికా సోయా ఒక్క గింజ కూడా దించుకోలేదు, కోతల వేళ అయోవా, ఇల్లినాయ్ రైతులు ధాన్యపు గాదెల ముందు తలలు పట్టుకున్నారు. వాళ్ళ గోడు మీ బాబాయి గోడే. అక్టోబర్ 18న ‘రాజులొద్దు’ అంటూ ఊరూరా జనం వీధుల్లోకి వచ్చారు.

ఆ చివర ఇంకో మనిషి కూడా ఉన్నాడు. లూసియానా తీరంలో పడవ మీద రొయ్య పట్టేవాడు. అమెరికాలో తినే రొయ్యలో 90 శాతానికి పైగా దిగుమతే. మన రొయ్య, ఈక్వడార్ రొయ్య చౌకగా దిగేసరికి వాడి సరుకుకు డీజిల్ ఖర్చు కూడా రాని సీజన్లు వచ్చాయి. తాతల నాటి పడవలు అమ్ముకున్నవాళ్ళున్నారు. అక్కడి రొయ్యల జాలర్ల సంఘం ఈ సుంకాలను స్వాగతించింది. చైనా 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక ఒహాయో, మిషిగన్ లాంటి చోట్ల మూతబడ్డ ఫ్యాక్టరీల కుటుంబాలు కూడా ట్రంప్‌కు ఓటు వేసింది ఈ బాధతోనే. వ్యవసాయ ఉత్పత్తుల మీద మన దేశం వేసే సగటు సుంకం 39 శాతం అన్నదీ వాళ్ళు ఎత్తిచూపుతారు, అది నిజమే. వాళ్ళ వాదన వాళ్ళు విన్నా ఒప్పుకునేంత బాగా రాయి. ఆ తర్వాత అడుగు, నెలకోసారి మారే సుంకంతో ఆ పడవవాడికైనా స్థిరమైన ధర వచ్చిందా అని.

అమెరికా రాజ్యాంగం సుంకాలు వేసే అధికారం కాంగ్రెస్‌కు, అంటే వాళ్ళ చట్టసభకు, ఇచ్చింది. మన 265వ అధికరణ కూడా చట్టం లేనిదే పన్ను లేదంటుంది. 1930లో సుంకాలు పెంచిన స్మూట్, హాలీ ఇద్దరూ చట్టసభ సభ్యులు. 1932లో జనం ఇద్దరినీ ఓడించారు. ఈ 2025లో 1977 నాటి అత్యవసర చట్టం పేరుతో ఒక్క మనిషే ఆ పని చేశారు. మే 28న ఒక కోర్టు, ఆగస్టు 29న 7–4తో అప్పీలు కోర్టు కాదన్నాయి. ఈ నెల 5న సుప్రీంకోర్టు వాదనలు విన్నది. తన అధికారం చేజారుతుంటే కాంగ్రెస్ ఎందుకు ఊరుకుందో కూడా నీ వ్యాసం అడగాలి.

నీ వ్యాసంలో రైతు ఉన్నాడు, ఎగుమతిదారు ఉన్నాడు. ప్రాసెసింగ్ ప్లాంటులో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్య తలలు తీసి, తొక్క ఒలిచే ఆడవాళ్ళు లేరు. ఆర్డరు తగ్గితే ముందుగా వ్యాను రాకుండా ఆగిపోయేది వాళ్ళ వీధికే. ఆగస్టుకు ముందు వారానికి ఎన్ని రోజులు పని దొరికేది, ఇప్పుడెన్ని, కూలి రోజుకా కిలోకా, డ్వాక్రా వాయిదా ఎలా కడుతున్నారు, ఇవి అడుగు. గేటు దగ్గర మాట్లాడకు, సూపర్‌వైజర్ చూస్తాడు. ఆదివారం ఇళ్ళ దగ్గరికి వెళ్ళు. వాళ్ళు చెప్పింది రాసుకుని వాళ్ళకే చదివి వినిపించు. పేర్లు వద్దు, ప్లాంటు పేరూ వద్దు, వీధి గుర్తులు కూడా తీసెయ్యి. ఊరు చిన్నది, ఎవరో ఇట్టే పోల్చుకుంటారు, ఉన్న ఆ నాలుగు రోజుల పనీ పోతుంది. అదంతా అయ్యాక మళ్ళీ పంపు. ఎంత పొడుగున్నా చదువుతాను.

నీ మాస్టారు