సిగ్నల్ తీసేసి యూటర్న్ పెడితే, రోడ్డు దాటేవాళ్ల సంగతేంటి?

‘హైదరాబాద్‌లో చౌరస్తాలు మూసేసి యూటర్న్‌లు పెట్టాక ప్రమాదాలు తగ్గాయా?’ అని అడిగారు. నన్నడిగితే తగ్గలేదు. సిగ్నల్ దగ్గరుండే ప్రమాదం యూటర్న్ దగ్గరికి పోయింది, బండి మీదున్నవాళ్ల నెత్తి మీది టెన్షన్ నడిచేవాళ్ల నెత్తి మీదికొచ్చింది. అంతే.

మా కాలనీ చౌరస్తాలో మొన్నమొన్నటి దాకా సిగ్నల్ ఉండేది. దాన్ని తిట్టుకోనివాళ్లు లేరు, నిజమే. కానీ రెడ్ పడ్డప్పుడల్లా స్కూలు పిల్లలు, కూరగాయల సంచులతో ఆడవాళ్లు దర్జాగా దాటేసేవాళ్లు. జీబ్రా గీతలు ఎప్పుడో చెరిగిపోయినా బండ్లు ఆగేవి కాబట్టి పని నడిచేది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే చౌరస్తా మధ్యలో సిమెంటు దిమ్మెలు! ఇక బండ్లు ఆగే మాటే లేదు.

ఆ తర్వాత ఓ సాయంత్రం అమ్మని కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది. క్లినిక్ రోడ్డుకి అవతలే, బోర్డు మా గేటు నుంచి కనబడుతుంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా శుక్లాలు. చీకటి పడితే ఎదురొచ్చే లైట్లకి ఏమీ ఆనదు. చాలాసేపు నిలబడ్డాం. సందు దొరకలేదు. కుర్రాళ్లు దిమ్మెల మధ్య నుంచి పక్కకి ఒరిగి దూరిపోతున్నారు గానీ, అది అమ్మ వల్ల అయ్యే పని కాదు. ఆటో ఆపితే అతను రెండు రేట్లు చెప్పాడు: ‘రాంగ్‌ల పోతే ముప్పై మేడం, యూటర్న్ కొట్టి రావాల్నంటే ఎనభై.’ రాంగ్ అంటే ఇటు కొంత దూరం ఎదురు పోయి, డివైడర్ సందులోంచి దాటి, అవతల మళ్లీ ఎదురే రావడం. నేను నోరు తెరిచేలోపే అమ్మ ‘ఎనభైయే తీస్కో కొడకా, సక్కగ పోనియ్’ అంది.

సక్కగ పోవడమే అసలు గండం. ఎడమ పక్క బయలుదేరిన ఆటో డివైడర్ వారకి చేరాలంటే జోరు మీదున్న కార్లన్నిటికీ అడ్డం పోవాలి. మా ముందు ఓ సిటీ బస్సు, స్టాప్‌లో జనాన్ని ఎక్కించుకుని అదీ అదే పాట్లు పడుతోంది. అంత పొడుగు బస్సు ఒక్కసారిగా తిరగలేదు కదా, కాస్త ఎడమకి జరిగి తిప్పాడు డ్రైవర్. ఆ ఖాళీలోకి లోపలి వైపు నుంచి ఓ బైక్ దూరింది. వెనక కూర్చున్నామెకి హెల్మెట్ లేదు, ఒళ్లో చంటిబిడ్డ. బస్సు వెనక చక్రానికీ డివైడర్‌కీ మధ్య బైక్ ఇరుక్కుపోయింది. బస్సులోవాళ్లంతా అరిచారు, డ్రైవర్ బ్రేకేశాడు, ఎవరికీ ఏమీ కాలేదు. బైక్ అతను మాత్రం డ్రైవర్‌నే తిట్టి వెళ్లిపోయాడు. క్లినిక్‌కి చేరేసరికి మా నంబర్ పిలిచేశారు. అక్కడ కాంపౌండర్‌తో గొడవ ఇంకో కథ, అది ఇక్కడెందుకు.

ఇదంతా నా ఒక్కదాని గోల అనుకుంటారేమో. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కే చూడండి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, అందులో 32,825 మంది పాదచారులు. అదే ఏడాది అక్టోబర్‌లో మన సిటీ ట్రాఫిక్ పోలీసులు ఆపరేషన్ రోప్ అని రూల్స్ తప్పేవాళ్లకి జరిమానాలేసే డ్రైవ్ మొదలుపెట్టారు. స్టాప్ లైన్ దాటితే 100 రూపాయలు, ఫ్రీ లెఫ్ట్‌కి, అంటే సిగ్నల్‌తో పనిలేకుండా ఎడమకి తిరిగే దారికి, బండి అడ్డంగా పెడితే 1000 రూపాయలు అన్నారు. స్టాప్ లైన్ ఉండేది నడిచేవాళ్లకి కాస్త దారి మిగలడానికి. ఫ్రీ లెఫ్ట్ ఉండేది కార్లు ఆగకుండా పోవడానికి. ఏది తప్పితే ఎంత పడుతుందో చూస్తే, ఈ స్కీములు ఎవర్ని తల్చుకుని రాస్తారో తెలిసిపోతుంది.

బండ్లు ఆగకపోవడం, వేగంగా పోవడం భద్రత ఎలా అవుతుందండీ? 2019 నవంబర్‌లో మన సిటీలోనే బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ తెరిచారు, అదే నెలలో వేగంగా వచ్చిన కారు పైనుంచి పడి కింద ఉన్నామె చనిపోయింది. అప్పుడు మూసేసి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేసి 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. ఆ ఫిబ్రవరిలోనే రోడ్డు భద్రత మీద స్టాక్‌హోమ్‌లో జరిగిన సదస్సులో, నడిచేవాళ్లు, బండ్లు కలిసి తిరిగే చోట గంటకి 30 కిలోమీటర్లు దాటొద్దని ప్రపంచ దేశాలు ఓ ప్రకటన చేశాయి. మన దగ్గర ఆ మాటంటే నవ్వుతారు.

వేగం తగ్గించడమంటే మనకి తెలిసింది స్పీడ్ బ్రేకర్ ఒక్కటే. రోడ్లు ఎలా ఉండాలో ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, అంటే బండి మెల్లగా ఎక్కి దిగాలి. మా వీధుల్లో ఉన్నవి రంగు కూడా లేని తారు గట్లు. రాత్రిపూట బండితో పాటు నడుము కూడా విరుగుతుంది. ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కొచ్చు కదా అంటారు. లిఫ్ట్ లేని బ్రిడ్జి మెట్లెక్కే ఓపికే ఉంటే మా అమ్మ మోకాళ్ల డాక్టర్‌కి డబ్బులెందుకు పోస్తుంది?

నా లెక్కలో పనికొచ్చేది పెలికాన్ సిగ్నల్ ఒక్కటే. నడిచేవాళ్లు బటన్ నొక్కితే రెడ్ పడుతుంది, దాటాక మళ్లీ బండ్లు కదులుతాయి. సిటీలో కొన్నిచోట్ల పెట్టారు కూడా. మాకూ ఒకటి పెట్టమని కాలనీ సంఘం తరఫున అర్జీ ఇచ్చాం. పెడితే ట్రాఫిక్ స్లో అవుతుందన్నారు. స్లో కావాలనే కదండీ మేం అడిగింది!