డిసెంబరులో వెచ్చగా ఉందని కోటు లోపల పెట్టేయకండి

"మేము ఆగస్టులో డెన్వర్ వచ్చాం. కొలరాడో అంటే స్నో అని అందరూ భయపెట్టారు. తీరా డిసెంబరులో పగలు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతోంది, స్నో జాడే లేదు. రాత్రిళ్ళు మాత్రం గాలికి కిటికీలు అదిరిపోతున్నాయి, పాప ఉలిక్కిపడి లేస్తోంది. ఇది మామూలేనా? వింటర్ కోట్లు, టైర్లు ఇంకా కొనాలా?" అని ఈమధ్యే వచ్చిన ఒక జంట అడిగారు.

మామూలే. కోట్లు, టైర్లు కొనాల్సిందే. ఫోర్ట్ కాలిన్స్, బౌల్డర్, గోల్డెన్, డెన్వర్, ఇలా రాకీ కొండల తూర్పు పాదాన ఉండేవాళ్ళందరికీ ఈ గాలి తెలుసు. దీన్ని చినూక్ అంటారు. నేను వచ్చిన మొదటి ఏడాది మీలాగే సంతోషపడ్డాను. పదహారేళ్ళ తర్వాత ఇప్పుడు, డిసెంబరులో వెచ్చదనమూ గాలీ కలిసి వస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. స్నో పడే రోజున అంత ఉండదు.

పసిఫిక్ నుంచి వచ్చే తేమగాలి కొండల పడమటి వాలు ఎక్కుతూ చల్లబడి, తన తేమలో చాలా భాగాన్ని అక్కడే స్నోగా కురిపించేస్తుంది. ఆవిరి మంచుగా మారేటప్పుడు విడుదలయ్యే వేడి గాలిలోనే ఉండిపోతుంది. అలా పొడిబారిన గాలి మనవైపు దిగుతుంది. దిగేకొద్దీ ఒత్తిడికి నొక్కుకుపోయి, ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 5.5 డిగ్రీల ఫారెన్‌హీట్ చొప్పున వేడెక్కుతుంది. పైన కొండల దగ్గర 12,000 అడుగులు అనుకుంటే, డెన్వర్ 5,280 అడుగులు. అంటే కిందికి చేరేసరికి 35 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది చూడండి, అదే సంగతి. పడమటి ఆకాశంలో పళ్ళేలు బోర్లించినట్టు నున్నటి మేఘాలు కదలకుండా నిలబడి ఉంటే, పైన గాలి జోరుగా ఉందని గుర్తు.

ఈ వెచ్చదనం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగానూ పోతుంది. 1943 జనవరి 22న సౌత్ డకోటాలోని స్పియర్‌ఫిష్‌లో చినూక్ వల్ల రెండే నిమిషాల్లో మైనస్ 4 నుంచి 45 డిగ్రీలకు పెరిగింది. ఇక తగ్గడం సంగతంటారా, 2022 డిసెంబరు 21న డెన్వర్‌లో చలిగాలి దిగితే ఒక్క గంటలో 37 డిగ్రీలు పడిపోయింది. మర్నాటికి మైనస్ 24. మధ్యాహ్నం స్వెటర్ మీద ఆఫీసుకెళ్ళినవాళ్ళు సాయంత్రం పార్కింగ్ లాట్ దాటడానికి అవస్థపడ్డారు. కాబట్టి కోటు, గ్లవ్స్, టోపీ, ఒక దుప్పటి మే నెల దాకా కారులోనే ఉంచండి, ఇంట్లో కాదు.

ఇంతకీ నాకు అసలు భయం చలి కాదు, నిప్పు.

2021లో వసంతంలో వానలు బాగా పడి గడ్డి ఏపుగా పెరిగింది. తర్వాత నెలల తరబడి ఎండిపోయింది. డెన్వర్‌లో మామూలుగా అక్టోబరులోనే పడాల్సిన మొదటి స్నో ఆ ఏడాది డిసెంబరు 10న గానీ పడలేదు. అప్పటిదాకా అంత ఆలస్యం రికార్డుల్లోనే లేదు. డిసెంబరు 30న గంటకు 100 మైళ్ళు దాటిన గాలుల మధ్య మార్షల్ ఫైర్ అని పేరు పడ్డ పెద్ద మంట పుట్టింది. అడవిలో కాదు, గడ్డి మైదానంలో. బౌల్డర్ దగ్గరి సుపీరియర్, లూయివిల్ ఊళ్ళలో, చుట్టుపక్కల కొన్ని గంటల్లోనే వెయ్యికి పైగా ఇళ్ళు కాలిపోయాయి. ఇద్దరు చనిపోయారు. షాపింగ్ సెంటర్లు, స్కూళ్ళు ఉన్న, అచ్చం మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కునే లాంటి కాలనీలు అవి.

సుపీరియర్‌లో ఉండే మా స్నేహితుల కుటుంబం ఆ రాత్రి మా ఇంటికి వచ్చింది. ఆవిడ భుజాన ఆఫీసు లాప్‌టాప్ బ్యాగు, చేతిలో కారు తాళాలు. బాబు కాళ్ళకు సాక్సులే ఉన్నాయి, బూట్లు లేవు. పాస్‌పోర్టులు, ఐ-797లు (ఇమ్మిగ్రేషన్ వాళ్ళు ఇచ్చే నోటీసులు), డిగ్రీ సర్టిఫికెట్లు అన్నీ బెడ్‌రూమ్ సొరుగులో ఉండిపోయాయి. ఇల్లు మిగల్లేదని మర్నాడు తెలిసింది. ఆ రోజే స్నో మొదలైంది. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి "నిన్న పడి ఉంటే..." అని ఆగిపోయింది. ఆ కాగితాలన్నీ మళ్ళీ తెప్పించుకోవడానికి వాళ్ళు పడిన పాట్లు దగ్గరుండి చూశాను.

అందుకే చెప్తున్నా, ఆ కాగితాలన్నీ ఒకే బ్యాగులో పెట్టి తలుపు దగ్గర ఉంచండి. స్కాన్ కాపీలు ఆన్‌లైన్‌లో దాచుకోండి. మీ కౌంటీ ఎమర్జెన్సీ అలర్టులకు ఇద్దరి ఫోన్ నంబర్లూ రిజిస్టర్ చేయండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే రెంటర్స్ ఇన్సూరెన్స్ తీసుకోండి, ఓనరు ఇన్సూరెన్సులో మీ సామాను ఉండదు. సొంతిల్లు కొన్నవాళ్ళు, మళ్ళీ కట్టడానికి ఎంతవుతుందో ఆ మొత్తానికి కవరేజీ ఉందా అని ఏజెంటును సూటిగా అడగండి. 2021లో కాలిన ఇళ్ళ వాళ్ళు చాలామందికి అది చాలలేదు. గది గదీ ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి, పది నిమిషాల పని. రెడ్ ఫ్లాగ్ వార్నింగ్, అంటే నిప్పు తొందరగా అంటుకుని పాకే ప్రమాదం ఉందన్న వాతావరణ హెచ్చరిక, ఉన్న రోజున గ్రిల్లు, ఫైర్ పిట్, బాల్కనీలో దీపం, ఏదీ వద్దు.

గాలి రోజుల్లో కారు డోరు ఒక చేత్తో పట్టుకునే తీయండి. గాలి కారు వెనక వైపు నుంచి కొడితే డోరు లాక్కుపోయి దాని కీళ్ళు వంగిపోతాయి, పిల్లల వేళ్ళకీ ప్రమాదం. కారు ముందుభాగం గాలికి ఎదురుగా ఉండేట్టు పార్క్ చేస్తే మేలు. గోల్డెన్ నుంచి బౌల్డర్ వెళ్ళే హైవే 93 మీద ఖాళీ ట్రక్కుల పక్కన నడపకండి, అవి పడిపోవడం అక్కడ కొత్తేమీ కాదు.

డెన్వర్‌లో ఎండగా ఉందని అలాగే ఐ-70 హైవే ఎక్కి కొండల్లోకి వెళ్ళకండి. ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంది. కింద వెచ్చటి గాలి తోలుతున్న రోజునే అక్కడ స్నో దుమ్ములా లేచి దారి కనపడదు. ఆ హైవే మీద మోరిసన్, డాట్‌సెరో మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా టైర్లకు రోడ్డు మీద పట్టు ఉండాలనే ట్రాక్షన్ చట్టం అమల్లో ఉంటుంది. ట్రెడ్, అంటే టైరు మీది గాళ్ళ లోతు, కనీసం అంగుళంలో పదహారింట మూడొంతులు ఉండాలి.

పాప సంగతి. ఈ గాలికి ఇంట్లో తేమ పూర్తిగా పోతుంది. ముక్కు లోపల ఎండి రక్తం వస్తే కంగారుపడకండి, గదిలో హ్యుమిడిఫయర్ పెట్టండి, ముక్కుకి సెలైన్ చుక్కలు వేయొచ్చా అని పీడియాట్రీషియన్‌ని అడగండి. కిటికీకి దూరంగా మంచం జరిపితే చప్పుడు కూడా తగ్గుతుంది.

ఇంకొక్కటి. గాలి మరీ ఎక్కువైతే, తీగల వల్ల నిప్పు పుట్టకుండా ముందుగానే కరెంటు ఆపేస్తున్నారు. గ్యాస్ ఫర్నేసైనా ఫ్యాను తిరగడానికి కరెంటు కావాలి. ఫోన్లు ముందే చార్జ్ చేసుకోండి. మీకు గ్యారేజీ ఉంటే దాని తలుపూ బటన్‌తో తెరుచుకోదు. లోపల పైన పట్టాకి వేలాడే ఎర్ర తాడు ఉంటుంది. తలుపు మూసి ఉన్నప్పుడు అది లాగితే చేత్తో ఎత్తొచ్చు. ఈ శనివారం మీరిద్దరూ ఒకసారి లాగి, ఎత్తి చూడండి.