లక్ష రూపాయల కెమెరా కన్నా ముందు ఒక చిన్న సీను

ప్రశ్న: మా అమ్మాయి కర్నూలులో డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. కాలేజీలో ఫిల్మ్ మేకింగ్ క్లాసుకు వెళ్తోంది, ఎడిటర్ కావాలంటోంది. తీసిన షాట్లు విడివిడిగా బాగున్నా కలిపితే అతకడం లేదట. లక్ష పెట్టి కెమెరా కొనిస్తే కుదురుతుందంటోంది. కొనివ్వమంటారా? ఈ చదువుకు దారి ఉందా?

జవాబు: ఇప్పుడే కొనకండి. షాట్లు అతకకపోవడానికి కెమెరా కారణం కాదు. ఎక్కడ కట్ చేయాలో అనుకోకుండానే తీయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. అయితే అతకడం లేదని తనంతట తానే పట్టుకుందంటే ఎడిటింగుకు కావాల్సిన చూపు ఉన్నట్టే. చాలామందికి ఆ తేడానే కనపడదు. మిగతాది తనకే చెప్తాను, చదవమనండి.

అమ్మా, రెండు నిమిషాల సీను ఒకటి రాసుకో. ఒకరు టేబుల్ దగ్గర ఉగ్గాని తింటుంటారు, ఇంకొకరు వచ్చి ఇచ్చిన అప్పు అడుగుతారు. అంతే చాలు. తీసే ముందు షాట్ల పట్టిక కాగితం మీద ఉండాలి. మన సీమలో, తాడిపత్రిలో పుట్టిన సినీ దర్శకుడు కె.వి. రెడ్డి స్క్రిప్టు పక్కా అయ్యాకే షూటింగుకు వెళ్లేవారని పేరు. డిజిటల్ వచ్చాక కార్డు నిండేదాకా తీయొచ్చన్న ధీమాతో ఈ పనే మానేస్తున్నారు.

ముందు ఇద్దరూ కనపడేలా వైడ్‌లో సీను మొత్తం తియ్యి. తర్వాత ఒకరి భుజం మీదుగా ఇంకొకరు, ఆపైన ఇద్దరి క్లోజప్‌లు, చివర ప్లేటు, చేతులు, ఫోను లాంటి ఇన్సర్ట్‌లు. ప్రతి షాట్‌లోనూ నటులు డైలాగు ఒక్క ముక్క కాకుండా సీను మొదటి నుంచీ చేయాలి. చెయ్యి ప్లేటు వైపు కదలడం వైడ్‌లోనూ క్లోజప్‌లోనూ పూర్తిగా ఉంటేనే ఆ కదలిక మధ్యలో కట్ వేయగలవు, అప్పుడు కట్ కంటికి తెలియదు. నటన మొదలయ్యే ముందు అయిదు సెకన్లు, అయ్యాక అయిదు సెకన్లు రికార్డింగ్ ఆపకు.

మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకో. కెమెరా మొదట ఏ వైపు పెట్టావో చివరిదాకా ఆ వైపే ఉండాలి. గీత దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టు కనిపిస్తారు, చూసేవాళ్లకు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అర్థం కాదు. ఒకే మనిషి మీద షాట్ మార్చేటప్పుడు సైజు మారాలి, కోణమూ కనీసం 30 డిగ్రీలు జరగాలి. లేకపోతే బొమ్మ గెంతినట్టుంటుంది. ఇక ఉగ్గాని. ఒక షాట్‌లో సగం ప్లేటు, తర్వాతి షాట్‌లో నిండు ప్లేటు! ప్రతి టేకు మొదట్లో, చివర్లో ప్లేటును ఫోటో తీసి పెట్టుకో.

ఫోన్‌లో బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్ పెట్టుకుని సెకనుకు 25 ఫ్రేములు, షటర్ వేగం సెకనులో 1/50 వంతు, వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు), ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) అన్నీ మారకుండా లాక్ చెయ్యి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది, 1/50 అయితే ట్యూబ్‌లైటు వెలుగు బొమ్మలో అదరదు. ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేటు నిలకడగా ఉంచవు. విడిగా రికార్డు చేసిన మాటలు పోనుపోను పెదాలకు సరిపోకపోవడానికి ఒక కారణం అదే. ఎడిటింగ్‌కు ముందే ఫైళ్లను స్థిరమైన 25కు మార్చుకో. ఎండాకాలం కష్టమే అయినా, తీసేంతసేపూ ఫ్యాను ఆపాలి. అందరూ మౌనంగా ఉండగా 30 సెకన్లు గది శబ్దం మాత్రమే రికార్డు చెయ్యి. కట్‌ల మధ్య మాటలు తెగినట్టు వినపడకుండా ఆ శబ్దమే పూడుస్తుంది.

ఎడిటింగ్‌కు డావిన్సీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు. ల్యాప్‌టాప్ ఆగి ఆగి నడిస్తే ప్రాక్సీలు (ఫైళ్లకు తేలికపాటి నకళ్లు) చేసుకో, 4కె జోలికి పోకు. ముందు మాటల వరస సరిచేసి, ఆ తర్వాతే బొమ్మ సంగతి చూడు. అప్పు అడిగే మనిషి మాట పూర్తయ్యేలోపే వినేవాడి ముఖానికి వెళ్లు, మాట వెనక నడవనీ. ఇది ఎల్ కట్. తర్వాతి షాట్ శబ్దం ముందే వినిపించి, బొమ్మ వెనక వస్తే జే కట్. సీనులో అసలు సంగతి చాలాసార్లు వినేవాడి ముఖంలోనే ఉంటుంది. అందుకే మాట్లాడని మనిషి క్లోజప్ తీయకుండా ఇంటికి రాకు. రెడీమేడ్ ట్రాన్సిషన్లు (షాట్ నుంచి షాట్‌కు మారే ఎఫెక్టులు) వాడకు. అతకని చోటును వాటితో కప్పితే లోపం ఎక్కడుందో నీకే తెలియకుండా పోతుంది. ఏ షాట్ లేక ఇబ్బంది పడ్డావో నోట్‌బుక్‌లో రాసి, అదే సీను మళ్లీ తియ్యి.

ఇక మీరు అడిగిన దారి సంగతి. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లలో పీజీ స్థాయిలో ఎడిటింగ్ ఉంది. ఏ డిగ్రీ అయినా సరే, ప్రవేశ పరీక్ష రాయాలి. కాబట్టి డిగ్రీ మధ్యలో ఆపనివ్వకండి. నేరుగా హైదరాబాద్ వెళ్తే అసిస్టెంట్‌గా మొదలవుతుంది. మొదట్లో ఫుటేజీకి పేర్లు పెట్టడం, సౌండ్ కలపడం, రెండేసి కాపీలు భద్రపరచడం లాంటి పనులే ఉంటాయి. అక్కడ గుర్తింపు తెచ్చేది క్రమశిక్షణే. సెలవుల్లో కర్నూలులోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తే చేతి వేగం, కొంత డబ్బు వస్తాయి. సీను కట్ చేయడం మాత్రం వాటితో రాదు.

ఆ లక్షలో చిన్న భాగంతో ట్రైపాడ్, కాలర్ మైకు, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. అతికిన సీన్లు మూడు చేతిలో ఉన్నాక, ఫోన్‌తో ఏది కుదరడం లేదో తనే చెప్పగలదు. కెమెరా మాట అప్పుడు మాట్లాడండి.