పిల్లల రేడియో చరిత్ర రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

పిల్లల కోసం రేడియో చేసిన ప్రసారాల చరిత్రను పుస్తకంగా రాయాలని తలపెట్టావని నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. దానితోపాటు పంపిన అధ్యాయాల పట్టికను శ్రద్ధగా చూశాను. ఏ దేశంలో ఏ కార్యక్రమం ఎప్పుడు మొదలైందో, ఎవరు నిర్వహించారో, ఎప్పుడు ఆగిపోయిందో అందులో వరుసగా ఉంది. ఆ వరుస అవసరమే. అయితే పట్టిక మొత్తంలో మైకు ముందు కూర్చున్న పెద్దలే ఉన్నారు గాని, రేడియో ముందు కూర్చున్న పిల్లలు ఎక్కడా కనిపించలేదు. ఆ పిల్లవాడు ఏ వేళకు విన్నాడు, ఎవరి పక్కన కూర్చుని విన్నాడు, విన్నాక ఏం చేశాడు, తిరిగి ఏమని రాశాడు అన్నది వెతికి పట్టుకోకపోతే నీ పుస్తకం ప్రసార సంస్థల చరిత్ర అవుతుంది గాని పిల్లల ప్రసారాల చరిత్ర కాదు. ఈ పనిలోనే చాలా ఏళ్లు గడిపినవాణ్ణి కనుక, పిల్లలను ఎక్కడ వెతకాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మొదట ప్రసార వేళను పట్టుకో. ఒక కార్యక్రమం ఏ గంటకు వచ్చేదన్న వివరాన్ని చాలామంది ఒక అంకెగా రాసి వదిలేస్తారు. నిజానికి పెద్దలు పిల్లవాడి దినచర్యను ఎలా ఊహించుకున్నారో ఆ అంకెలోనే తెలుస్తుంది. బీబీసీ 1922 డిసెంబరులో ప్రారంభించిన ‘చిల్డ్రన్స్ అవర్’ స్థిరపడ్డాక సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో వచ్చేది, అంటే బడి వదిలాక, రాత్రి నిద్రకు ముందు. అదే సంస్థ ఐదేళ్లలోపు పిల్లల కోసం 1950 జనవరి 16న ‘లిజన్ విత్ మదర్’ మొదలుపెట్టినప్పుడు మధ్యాహ్నం 1.45కు పావుగంట మాత్రమే కేటాయించింది. ఆ వెంటనే రెండు గంటలకు స్త్రీల కార్యక్రమం వచ్చేది. తల్లి భోజనాల పని ముగించుకుని బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుంటుందని, ఇద్దరూ కలిసి వింటారని ఆ వేళను నిర్ణయించినవారు అనుకున్నారు. పేరులో తల్లి ఉన్నది అందుకే. ఇక 1924 నుంచి సాగిన పాఠశాల ప్రసారాలు బడి వేళల్లో, ఉపాధ్యాయుడి ఎదుట వినవలసినవి. ఈ మూడు చోట్లా వినేది పిల్లలే అయినా, పక్కన ఉన్న పెద్దమనిషి మారినప్పుడల్లా మాట తీరు మారింది. స్క్రిప్టులను పక్కపక్కన పెట్టుకుని చదివితే ఈ తేడా నీకే అర్థమవుతుంది.

వేళల కోసం ‘రేడియో టైమ్స్’ వంటి కార్యక్రమ పత్రికలను చూస్తావు. 1923 సెప్టెంబరు నుంచి వెలువడిన ఆ పత్రిక గొప్ప ఆధారమే. కాని పత్రికలో ముందుగా అచ్చయినది ఉద్దేశం మాత్రమే. ఆనాటి ప్రసారం నిజంగా ఎలా సాగిందో తెలియాలంటే కేంద్రం వారు ప్రసారం ముగిశాక రాసుకున్న రోజువారీ నమోదు పుస్తకాలను చూడాలి. రెండింటికీ పొంతన కుదరని రోజులను విడిగా రాసిపెట్టుకో. ఎవరో రాలేకపోవడమో, పెద్ద వార్త ఏదో అడ్డుపడటమో జరిగిన ఆ రోజుల వెనుక తరచుగా మంచి కథ ఉంటుంది.

ఆ తరువాత, పిల్లలు తిరిగి మాట్లాడిన చోట్లకు వెళ్లు. నా అభిప్రాయంలో నీ పుస్తకానికి నడిబొడ్డు ఇదే. ఆస్ట్రేలియాలోని పిల్లల రేడియో సంఘం ‘ఆర్గోనాట్స్ క్లబ్’ మీద నువ్వు ఒక్క పేరా మాత్రమే కేటాయించావు. దానికి కనీసం ఒక అధ్యాయం ఇవ్వు. నీనా మర్డోక్ 1933లో మెల్‌బోర్న్‌లో ప్రారంభించిన ఆ సంఘం కొద్దికాలానికే ఆగిపోయి, 1941లో దేశవ్యాప్తంగా మళ్లీ మొదలై 1972 దాకా సాగింది. సభ్యత్వం కోరుతూ ఉత్తరం రాసిన ప్రతి పిల్లవాడికీ గ్రీకు పురాణాల నుంచి తీసుకున్న ఓడ పేరు ఒకటి, ఆ ఓడలో తెడ్డు వేసే వారిలో అతని స్థానాన్ని తెలిపే సంఖ్య ఒకటి ఇచ్చేవారు. ఒక్కో ఓడకు 50 మంది. పిల్లలు పంపిన పద్యాలను, కథలను, బొమ్మలను గురించి రేడియోలో మాట్లాడేటప్పుడు అసలు పేరు చెప్పకుండా ఆ ఓడ పేరూ సంఖ్యా మాత్రమే చదివేవారు. ఎక్కడో విసిరేసినట్టున్న పల్లెలో ఒంటరిగా పెరుగుతున్న పిల్లకు తన ఓడ పేరు గాలిలో వినిపించడం ఎంత పెద్ద విషయమో ఆలోచించు. చుట్టుపక్కల ఎవరికీ తెలియని గుర్తింపు అది, పంపిన పని మంచిదైతేనే ప్రస్తావనకు వచ్చేది. బాగా రాసినవారికి, గీసినవారికి మెట్లు మెట్లుగా బహుమతులుండేవి. ‘ఫిడియాస్’ అన్న మారుపేరుతో చిత్రకళ గురించి పిల్లలతో మాట్లాడినవాడు ఆ దేశపు ప్రముఖ చిత్రకారుడు జెఫ్రీ స్మార్ట్. పిల్లల పనిని ఆ స్థాయి కళాకారుడు పరిశీలించాడంటే, శ్రోతలుగా వారికి ఎంత గౌరవం దక్కిందో వేరే చెప్పనక్కరలేదు.

దీనితో పోల్చి చూడటానికి అమెరికాలోని ‘లిటిల్ ఆర్ఫన్ ఆనీ’ని తీసుకో. 1931లో దేశవ్యాప్త ప్రసారంగా మారిన ఆ ధారావాహికకు పాలలో కలుపుకునే పొడిని అమ్మే ఓవల్టీన్ సంస్థ ప్రాయోజకత్వం వహించింది. డబ్బా మూతకింద ఉండే రేకు ముద్రను తపాలాలో పంపితే పిల్లలకు కప్పులు, బిళ్లలు వచ్చేవి. 1935 నుంచి రహస్య లిపిని విప్పే బిళ్ల కూడా వచ్చింది. గుండ్రటి చక్రం మీద అక్షరాలు, అంకెలు ఉంటాయి. ప్రసారం చివర వ్యాఖ్యాత అంకెలను ఒక్కొక్కటిగా చదువుతాడు. పిల్లవాడు పెన్సిలు పట్టుకుని రాసుకుని, చక్రం తిప్పుతూ అక్షరాలు కూర్చుకుంటే మర్నాటి కథకు సంబంధించిన సూచన బయటపడుతుంది. ఇక్కడా పిల్లలు ఉత్తరాలు రాశారు, ఇక్కడా సభ్యత్వం ఉంది. అయితే సభ్యత్వానికి రుసుము ఒక డబ్బా పొడి. దీన్ని వ్యాపారమని కొట్టిపారేయవద్దని నా సలహా. చక్రం తిప్పిన పిల్లవాడి ఉత్సాహం నిజమైనది, దాన్ని అమ్మకానికి వాడుకున్నమాటా నిజమే. రెండూ ఒకే పేజీలో ఉండేలా రాయి.

డబ్బు సంగతి వచ్చింది కనుక, ప్రతి కార్యక్రమానికీ ఖర్చు ఎవరు భరించారో తప్పక కనుక్కో. న్యూయార్క్ సమీపంలోని స్కార్స్‌డేల్‌లో తల్లులు 1933లో ఇలా ప్రాయోజకుల డబ్బుతో నడిచే పిల్లల ధారావాహికల మీద అభ్యంతరాలు లేవదీశారు. రాత్రిళ్లు పిల్లలు భయపడుతున్నారన్నది వారి బాధ. ఆ వాదన దేశమంతటా పాకాక, 1935లో అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ పిల్లల కార్యక్రమాల్లో ఏవి ఉండకూడదో నియమాలు ప్రకటించింది. నేరస్థులను గొప్పవాళ్లుగా చూపడం, క్రూరత్వం, పెద్దల పట్ల అమర్యాద వంటివి ఆ నిషేధాల్లో ఉన్నాయి. అదే సంస్థలో నీలా మాక్ ఆధ్వర్యంలో బాలనటులు జానపద కథలను నాటకాలుగా వేసిన ‘లెట్స్ ప్రిటెండ్’ 1943లో ఒక ఆహార సంస్థ ముందుకు వచ్చేదాకా ప్రాయోజకులు లేకుండానే నడిచింది. ఈ రెండు ఉదాహరణలను ఎదురెదురుగా పెడితే, సంస్థ సొంత ఖర్చుతో చేసిన దానికీ అమ్మకం కోసం చేసిన దానికీ ఉన్న తేడా పాఠకుడికి స్పష్టమవుతుంది.

వ్యాఖ్యాతల పిలుపుల గురించి ఎక్కువ రాయనక్కరలేదు, కాని మరిచిపోవద్దు. బీబీసీ తొలి రోజుల్లో కేంద్రంలో వేరే పనులు చేసేవారే సాయంత్రం కాగానే ‘అంకుల్’, ‘ఆంటీ’ అన్న పేర్లతో పిల్లలతో మాట్లాడేవారు. మద్రాసు ఆకాశవాణిలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు తెలుగు పిల్లలకు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. ముక్కూమొహం తెలియని గొంతు ఇంట్లోకి రావాలంటే బంధుత్వం కావలసివచ్చిందని నేను అనుకుంటాను. ఏ దేశంలో ఏ వరస ఎంచుకున్నారో గమనిస్తే చాలు.

ఇక శబ్దం విషయం. నీ పట్టికలో చివరి అధ్యాయానికి ‘వినగలిగిన ప్రసారాలు’ అని పేరు పెట్టావు. దొరికిన రికార్డింగులను బట్టి చరిత్రను తూచవద్దు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక టేపు వాడుకలోకి వచ్చేదాకా అత్యధిక ప్రసారాలు ప్రత్యక్షంగా జరిగి గాలిలో కలిసిపోయినవే. భద్రపరిచినవి కూడా అల్యూమినియం మీదో, యుద్ధకాలంలో గాజు మీదో లక్కవంటి పూత పూసిన పెద్ద పళ్లేల మీద ఉన్నాయి. పూత బీటలు వారితే ఆ శబ్దం పోయినట్టే. టేపులు వచ్చాక వాటిని చెరిపి మళ్లీ వాడుకున్నారు. పిల్లల కార్యక్రమాలను దాచదగినవిగా భావించినవారు తక్కువ. జర్మనీలో రచయిత, తత్వవేత్త వాల్టర్ బెంజమిన్ సంగతి చూడు. అతను 1929 నుంచి 1932 దాకా బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్ కేంద్రాల నుంచి పిల్లలకు లిస్బన్ భూకంపం గురించి, మిసిసిపీ వరదల గురించి, మంత్రగత్తెలని ముద్రవేసి జరిపిన విచారణల గురించి ప్రసంగించాడు. అతని గొంతు ఒక్క చోట కూడా మిగల్లేదు. 1940లో అతను పారిస్ విడిచి పారిపోయినప్పుడు నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో స్వాధీనం చేసుకున్న కాగితాల్లో ఆ టైపు ప్రతులు ఉండి, యుద్ధం తరువాత సోవియట్ యూనియన్‌కు, అక్కడి నుంచి తూర్పు జర్మనీకి చేరి బతికాయి. వాటిని చదివేటప్పుడు పైకి చదువు. విపత్తులను, మోసాలను పిల్లల నుంచి దాచకుండా, వారి తెలివి మీద నమ్మకంతో ఎలా చెప్పాడో చెవికి తెలియాలి.

సంక్షోభం వచ్చిన సంవత్సరాల మీద ఎక్కువ కాలం వెచ్చించు. మామూలు రోజుల్లో పిల్లలు ఏం వింటున్నారని అడగని అధికారులు అప్పుడు అడుగుతారు, ఆ ప్రశ్నలన్నీ కాగితం మీదికి వస్తాయి. 1937 సెప్టెంబరులో పోలియో వల్ల షికాగోలో బడులు తెరవలేదు. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా మూడు లక్షలకు పైగా పిల్లలకు రేడియోలో పాఠాలు చెప్పారు. కేంద్రాలు సమయాన్ని ఇచ్చాయి, వార్తాపత్రికలు ఏ రోజు ఏ పాఠమో అచ్చువేశాయి, సందేహాలు తీర్చడానికి టెలిఫోను దగ్గర ఉపాధ్యాయులు కూర్చున్నారు. ఇంట్లో రేడియో లేని పిల్లలు, సరిగా వినిపించని ప్రాంతాల పిల్లలు వెనుకబడ్డారన్న సంగతీ ఆ ఏర్పాటు వల్లనే బయటికి వచ్చింది. 1942లో జపాను దాడి భయంతో పశ్చిమ ఆస్ట్రేలియాలో శిశువిద్యాలయాలు మూతపడినప్పుడు పెర్త్ నుంచి ‘కిండర్‌గార్టెన్ ఆఫ్ ది ఎయిర్’ అనే రేడియో కార్యక్రమం మొదలైంది. 2014లో ఎబోలా వల్ల బడులు మూసినప్పుడు సియెరా లియోన్ చేసిందీ ఇలాంటిదే. 1940 అక్టోబరు 13న పద్నాలుగేళ్ల ఎలిజబెత్ రాకుమారి యుద్ధం వల్ల ఇళ్లు వదిలి వెళ్లిన పిల్లలతో ‘చిల్డ్రన్స్ అవర్’లో మాట్లాడిన ప్రసంగం అందరికీ తెలుసు, రికార్డింగూ దొరుకుతుంది. దాన్ని ఉటంకించడంతో ఆగిపోక, పరాయి ఇళ్లలో ఉంటూ ఆ ప్రసంగాన్ని విన్న పిల్లలు ఏమనుకున్నారో ఆనాటి డైరీల్లో, ఉత్తరాల్లో వెతుకు.

నికరాగువాలో 1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు చేసిన రేడియో గణిత పాఠాలను నువ్వు విద్యా ప్రసారాల అనుబంధంలో పడేశావు. వాటిని ముందుకు తీసుకురా. అందులో రేడియో ప్రశ్న వేసి కాసేపు మౌనంగా ఉంటుంది. తరగతిలోని పిల్లలంతా ఆ మౌనంలో గట్టిగా జవాబు చెబుతారు, తరువాత రేడియో సరైన జవాబు చెబుతుంది. పిల్లవాడు మాట్లాడటానికి స్క్రిప్టులోనే చోటు విడిచిపెట్టిన ఆ పద్ధతి తరువాత చాలా దేశాలకు వెళ్లింది.

టెలివిజన్ వచ్చి పిల్లల రేడియోను చంపేసిందని ఒక్క వాక్యంలో ముగించవద్దు. ‘చిల్డ్రన్స్ అవర్’ 1964 మార్చి 27న ఆగింది, శ్రోతలు తగ్గినమాట నిజమే. అయినా ఆ నిర్ణయం మీద నిరసన చెలరేగింది. ‘లిజన్ విత్ మదర్’ ఆ తరువాత కూడా 1982 దాకా నడిచింది. ఏ వయసు పిల్లలు ముందు వెళ్లిపోయారు, ఎవరు మిగిలారు, మిగిలినవారి ఇళ్లలో టెలివిజన్ ఉందా లేదా అని విడివిడిగా అడుగు.

చివరిగా, బతికున్న శ్రోతలను కలవడం వాయిదా వేయకు. కాగితాలు ఇంకో ఏడాది ఆగుతాయి, మనుషులు ఆగరు. అయితే జ్ఞాపకాన్ని సాక్ష్యంగా తీసుకునే ముందు పరీక్షించు. న్యూయార్క్‌లో 1928 నుంచి 1947 దాకా పిల్లల కార్యక్రమం చేసిన ‘అంకుల్ డాన్’ మైకు ఆపేశారనుకుని పిల్లలను తిట్టాడని, దాంతో ఉద్యోగం పోయిందని చెవులారా విన్నామన్నవారు ఎందరో ఉన్నారు. ఆనాటి ఆధారం ఒక్కటీ లేదు. అదే కథను వేరే ఊళ్ల వ్యాఖ్యాతల మీద కూడా చెప్పుకున్నారు, తరువాత ప్రచారంలోకి వచ్చిన రికార్డింగు నటించి చేసినది. కాబట్టి పెద్దవారిని ‘మీకు ఏ కార్యక్రమం గుర్తుంది’ అని అడగడంతో మొదలుపెట్టకు. రేడియో ఏ గదిలో ఉండేది, దాన్ని తిప్పే అధికారం ఎవరిది, వినేటప్పుడు చేతుల్లో ఏముండేది, కార్యక్రమం అయిపోగానే ఏం చేసేవారు అని అడుగు. ఇవి ఎవరూ ముందుగా సిద్ధం చేసుకోని జవాబులు. మాట్లాడేముందు వారి అనుమతి రాతపూర్వకంగా తీసుకో, రికార్డు చేసినదాన్ని అదే రోజు రెండు చోట్ల భద్రపరుచు, వారి దగ్గరున్న ఉత్తరాలను, సభ్యత్వ పత్రాలను అక్కడే ఫొటో తీసుకుని అసలువి వారికే వదిలిపెట్టు. ఆర్గోనాట్స్ అధ్యాయం చిత్తుప్రతి సిద్ధం కాగానే నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి