సున్నిపిండి అమ్మబోతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి సున్నిపిండి వ్యాపారం పెడుతున్నావని మీ అమ్మ ఫోను చేసింది. ముందు గర్వమే కలిగింది. మన ఇంట్లో రోట్లో దంచుకున్న పిండికి ఒక డబ్బా, ఒక పేరు, ఒక ధర వస్తున్నాయంటే మా అమ్మ ఉండి చూడవలసింది. ఆ తర్వాత నువ్వు పంపిన లేబులు చూశాను. 'నూటికి నూరుపాళ్లు సహజం, పసిపిల్లలకు సైతం సురక్షితం' అట. పక్కన పాప ఫొటో. ఒళ్లు మండింది తల్లీ, దాచుకోను.

సహజమైతే సురక్షితమని నీకెవరు చెప్పారు? నల్లజీడి సహజం కాదా? దాని రసం తగిలి బొబ్బలెక్కిన చేతులకు నేనే కట్లు కట్టాను. చర్మవ్యాధుల వార్డులో నర్సుగా పనిచేసినన్నాళ్లూ 'ఏమీ రాయలేదమ్మా, ఇంట్లోదే రాశాను' అనే మాట వినని వారం లేదు.

చిన్న సంగతులు నీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. పసుపు పొడి కొనకు, కొమ్ములు కొని దగ్గరుండి ఆడించు. రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే విషపదార్థం కలిపేవాళ్లున్నారు. కలబంద కోస్తే ముందుగా కారే పసుపుపచ్చ పాలు దురద పెడతాయి, అవి పూర్తిగా పోనివ్వాలి. నీళ్లు కలిపిన లేపనాలు సీసాలకెత్తి అమ్మకు. చెడిపోకుండా నిల్వ ఉంచే మందు కలపకపోతే వాటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మనది పొడిగా ఉన్నంతకాలం ఆ బెడద తక్కువ. ముఖానికి రాసుకునే ముందు మోచేతి లోపలివైపు రాసి రెండు రోజులు చూడమని డబ్బా మీద రాయి.

ఇక బావంచాలు, నలుగుపిండిలో కలిపే ఆ గింజలు. నీ జాబితాలో మూడో పేరు అదే, దాని పక్కనే ఎండబెట్టిన నిమ్మతొక్కలు. అమ్మమ్మ పుస్తకంలో చూసి రాశానన్నావు కదా. ఆ పుస్తకం మీ అమ్మ పెళ్లికి ముందుది.

పెళ్లి వారం ఉందనగా, జ్యేష్ఠమాసపు ఎండల్లో, బావంచాలు ఎక్కువ వేస్తే రంగు తేలుతుందని ఎవరో చెప్పారు. మా అమ్మ రెట్టింపు వేసింది. అది చాలదన్నట్టు నీళ్లకు బదులు నిమ్మరసంతో కలిపి మీ అమ్మ మెడకు, చేతులకు పట్టించింది. ఆరేదాకా ఊరికే కూర్చోవడమెందుకని డాబా మీద ఎండబెట్టిన వడియాలకు కాపలా పంపింది. మిట్టమధ్యాహ్నం. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడు సాయంత్రానికి మెడ కందింది. ఆ మర్నాటికి బొబ్బలు. రసం మోచేతి మీదుగా కారిన దారంతా చారలు చారలుగా పొంగింది. వడదెబ్బ అన్నారు, దిష్టి అన్నారు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. రెండు రోజుల కిందటి పిండి ఎవరికీ గుర్తు రాలేదు. బొబ్బలు మానాక నల్లమచ్చలు మిగిలాయి, దీపావళి దాకా వదల్లేదు. పెళ్లి ఫొటోల్లో మీ అమ్మ అంత ఎండలో పొడుగు చేతుల రవిక వేసుకుని మెడ నిండా కొంగు కప్పుకుని ఉంటుంది. ఆ రోజుల ఫ్యాషన్ అనుకున్నావేమో.

చాలా ఏళ్లకు వార్డులో నిమ్మసోడా బండి కుర్రాడి చేతుల మీద అవే చారలు చూశాను. డాక్టరుగారు చెబుతుంటే మీ అమ్మ మెడే కళ్లముందు మెదిలింది. బావంచాల్లో సోరాలిన్ అనే పదార్థం ఉంటుంది. నిమ్మలో ఉన్నవీ ఆ జాతివే, అవి రసంలో కంటే తొక్కలో ఎక్కువ. అవి చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మం కాలుతుంది. ఇది ఎలర్జీ కాదు, ఎవరికైనా రావచ్చు. బొల్లికి రంగు తెప్పించడానికి డాక్టర్లు వాడేదీ సోరాలినే. కాకపోతే వాళ్లు మందునూ కొలుస్తారు, కాంతినీ కొలుస్తారు.

మా అమ్మ మామూలుగా చిటికెడు వేసి, తెల్లవారుజామున నలుగు పెట్టి వెంటనే కడిగేసినన్నాళ్లు మాకెవరికీ ఏమీ కాలేదు. పాళ్లు మారాయి, కడిగే వేళ మారింది, ఎండ తోడైంది. ఆ తర్వాత ఆవిడ బావంచాలు కొనడమే మానేసింది, ఎందుకో చెప్పలేదు, పుస్తకంలో కొట్టివేయనూ లేదు. ఇంట్లో పిల్లల ఒళ్లు ఆవిడకు తెలుసు. నీ డబ్బా కొన్నావిడ ఎంతసేపు ఉంచుకుంటుందో, ఆ వెంటనే స్కూటరెక్కి ఎక్కడికి వెళుతుందో నీకెలా తెలుస్తుంది? బావంచాలు, నిమ్మతొక్కలు రెండూ తీసెయ్యి. కచ్చూరాల వాసన చాలు.

ఇప్పుడు ఆ పాప ఫొటో. పసివాళ్ల విషయంలో నాకు భయం ఎక్కువని మీ అమ్మ నవ్వుతుంది, నవ్వనీ. జపాన్‌లో ముఖం కడుక్కునే ఒక సబ్బులో విడగొట్టిన గోధుమ ప్రోటీన్ కలిపారు. రోజూ వాడిన రెండు వేల మందికి పైగా గోధుమే పడకుండా పోయింది. రొట్టె తింటే రెప్పలు వాచేవి, కొందరికి ప్రాణం మీదికి వచ్చింది. 2011లో ఆ సబ్బును వెనక్కి తీసుకున్నారు. గోధుమ కంటే సహజమైనది ఏముంది? తామరతో, అదే ఎగ్జిమాతో, పగిలిన పసి చర్మానికి నీ బాదంపొడి రుద్దితే ఆ పిల్లకు రేపు బాదమే పడకపోవచ్చు. నూగు పోవాలని పిండితో గట్టిగా రుద్దించిన పసిబిడ్డల్ని ఎత్తుకుని తల్లులు పరుగెత్తుకొచ్చేవారు. నీ మాట నమ్మి కొనేది అటువంటి తల్లే. 'చిన్నపిల్లలకు వాడరాదు' అని పెద్ద అక్షరాలతో వేయించు.

ఇంకొకటి. అమ్మకానికి చేస్తే ఇది ఇంటి పిండి కాదు, చట్టం దృష్టిలో సౌందర్య సాధనం. 2020 నిబంధనల ప్రకారం తయారీకి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల లైసెన్సు ఉండాలి. డబ్బా మీద ఏమేం కలిపావో, ఏ విడతదో, ఎప్పటిలోగా వాడాలో ఉండాలి. 'తర్వాత చూద్దాంలే' అనకు, అది మీ నాన్న మాట.

తిట్టానని అలగకు. చిన్నప్పుడు శనగపిండి నలుగు పెడితే నాలుకతో నాకేసిన పిల్లవి, ఈరోజు దానికి వెల కడుతున్నావు. లైసెన్సు ఖర్చు నేనిస్తాను. ఊరికే కాదు, అప్పుగా. వడ్డీ వద్దు, అసలు మాత్రం తీర్చాలి. లేబులు మార్చి పంపు, చూసిన రోజే డబ్బు వేస్తాను.

మీ పెద్దమ్మ